తెర మీద నా పేరు

విజయనగరంలో ఉద్యోగం చేసే రోజుల్లో, అందరికీ ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్‌కి, నెట్ నుంచి ఫైళ్లు దించేదానికి, ఇతరులు పంపే మార్పులను సరిచూసి ఆమోదించే పని సరదాగా చేసేదాన్ని. ఒకసారి ప్రాక్సీ గురించిన మార్పు వచ్చింది. చాలా కాలేజీల్లో నెట్ నేరుగా రాదు, ప్రాక్సీ అనే మధ్య కంప్యూటర్ గుండా వస్తుంది. మా ఇంట్లో అది లేదు. కోడ్ చదివి, నడిపి చూడకుండానే 'బాగుంది' అని ఆమోదించేశాను.

కొన్నాళ్లకు సాలూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే మా బావ, ఆ సాఫ్ట్‌వేర్ గురించి పిల్లలకు చెప్పమని పిలిచాడు. అక్కడా నెట్ ప్రాక్సీ గుండానే. ల్యాబ్‌లో కొత్త వెర్షన్ వేస్తే ఒక్క ఫైలూ దిగలేదు.

"ఏటమ్మా ఇది? పాతది బాగానే పన్జేసీది!" అన్నాడు బావ.

"బుద్ధిలేని వాళ్లెవరో చూడకుండా ఆమోదించి ఉంటారు బావా!" అని అందరి ముందూ ఎగిరిపడ్డాను.

ముందు వరసలోని అమ్మాయి ఆ ప్రాక్సీ మార్పు పేజీ నెట్‌లో వెతికి ప్రొజెక్టర్ తెర మీద పెట్టింది. ఆమోదించినవారి చోట నా పేరు, పక్కన నవ్వుతున్న నా ఫొటో.

"మేడమ్, మీ ఇంట్లో ప్రాక్సీ ఉన్నాదా? ఎలాగ సూసినారు?" అనడిగింది పాపం, నిజంగా నేర్చుకుందామనే.

తల ఎత్తలేకపోయాను. అప్పటిదాకా పుస్తకాల తెలుగు మాట్లాడినదాన్ని, "సూడలేదమ్మా" అన్నాను.

ఇప్పటికీ 'బాగుంది' అని రాయబోతే ఆ పిల్ల ప్రశ్నే ముందు వినిపిస్తుంది.