లేజర్ లేని కాలేజీ నుంచి

రెండు వేల దశకం చివర్లో ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. నంద్యాల సెమినార్‌లో నా ప్రసంగం బాగుందని అక్కడి పెద్ద ప్రొఫెసర్ సంతకం పెడితే, ఉద్యోగం పోకుండా పరిశోధనకు సెలవిస్తానని మా ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. ఆ సంతకం మీదే నా ఆశంతా.

నా విషయం, కాంతి కణాలతో ఇద్దరు రహస్య సంకేతం పంచుకోవడం. ఒకరి దగ్గర అన్ని పరికరాలూ ఉంటాయి. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ఊగే కణాలను కలిపి పంపుతారు. రెండోవారి దగ్గర దాదాపు ఏమీ ఉండవు. వచ్చిన కణాన్ని ముట్టకుండా తిప్పి పంపడం, లేదా అది నిలువో అడ్డమో చూసి, చూసినట్టే కొత్తది పంపడం, అంతవరకే వాళ్లకు చేతనవుతుంది. ఏ కణానికి ఏది చేస్తారో నడుమ కాపేసిన దొంగకు తెలియదు. వాడు తొంగిచూస్తే ఏటవాలు కణాలు చెడిపోతాయి, తిరిగొచ్చాక మొదటివారు పట్టేస్తారు. లేనివాళ్లకూ గుట్టు దాచుకునే దారుందని ఇంటర్నెట్ సెంటర్లో చదివిన రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. రెండోవారి దగ్గర ఇంకా తక్కువున్నా కుదురుతుందేమోనని ఏడాదిపాటు సొంతంగా లెక్కలు కట్టాను.

మా ల్యాబ్‌లో లేజర్ లేదు. నంద్యాలలో గడియారాలు బాగుచేసే భాయ్ పాడైన క్యాలిక్యులేటర్ల తెరల మీది పొరలు, ఒక దిశలో ఊగే వెలుతురునే పోనిచ్చేవి, ఒలిచి ఇచ్చాడు. ఒక పొర నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే చీకటి. నడుమ మూడోది ఏటవాలుగా దూరిస్తే వెలుతురొస్తుంది. మధ్యలో ఎవరు వేలు పెట్టినా తెలిసిపోతుందని సభకు అలా చూపించాను.

ప్రొఫెసర్ నవ్వాడు. "మీ కాలేజీలో లేజర్ ఉందా తల్లీ?"

లేదన్నాను.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట. నీకు తగింది ఏదన్నా చూసుకోపో."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను చెప్పిందే పరికరాలు లేనివాళ్ల గురించి. ఆ మాత్రం వినకుండా ముందు వరసలో కూర్చుని ఏం వెలగబెట్టినట్టు?

టీ దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. నా లెక్కలన్నీ ఇచ్చేస్తే సంతకం పెడతాడట. తన శిష్యుడి దగ్గర సౌకర్యాలున్నాయట, వాడి పేరుతో పైకి తెస్తాడట. ఇందాక నవ్విన నోరే ఇది.

"నాకు తగనిది మీవానికెట్ల తగుతాది సార్? ఇయ్యను," అన్నాను.

సంతకం లేకుండా బస్సెక్కి, ఆళ్లగడ్డ దాకా ఏడుస్తూనే వచ్చాను. మర్నాడు జరిగిందంతా చెబితే, ప్రిన్సిపాల్ సెలవు కుదరదని చెప్పి, నన్నే తప్పుపట్టాడు.

"ఇచ్చేసి రావల్ల గదమ్మా. పెద్దోల్లతో మనకేం పని?"

తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి. ఆ లెక్కలు నా దగ్గరే ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేదు. నాకూ పనికిరాలేదు.