గెలిచింది ‘జర ఆగు’ కాదు

అమీర్‌పేటలో ఇప్పటికీ ఈ కథ ఇలా చెప్పుకుంటారు: సలీం కోడ్‌లో ఒక అంకె పెంచాడు, మిషన్లు బాగయ్యాయి, మేడమ్ పక్కన నిలబడి అరిచింది. మూడో ముక్క నిజం. అంకె పెంచడం వల్లే బాగయ్యాయన్నది తప్పు. ఆ మేడమ్‌ను నేనే కాబట్టి చెబుతున్నాను.

సైన్యంలో షార్ట్ సర్వీసు అధికారిగా రేడియో సెట్లు, రాడార్లు బాగు చేయించాను. యూనిఫాం విప్పి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నేను డ్యూటీ అని పిలవగలిగింది ఇదొక్కటే.

జూలైలో అమీర్‌పేటలో ఒక కంపెనీలో చేరాను. వాన. మెట్రో స్తంభాల కింద పిక్కల దాకా నీళ్లు. కోచింగ్ సెంటర్ల బ్యానర్ల వెనక మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచేయదు. సామగ్రి: ఒక ఆసిలోస్కోప్, ఒక మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, నా టిఫిన్ డబ్బా. కంపెనీ చిన్నది. అప్పుడే పుట్టిన పసికందులను వెచ్చగా ఉంచే వార్మర్లు తయారుచేస్తుంది. బిడ్డ పొట్టకు అంటించిన సెన్సర్ వేడి కొలుస్తుంది. దాన్ని బట్టి పైనున్న హీటర్ పెరుగుతుంది, తగ్గుతుంది. సెన్సర్ మాటను మిషన్‌కు చేరవేసే చిన్న ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. మా ఆడపడుచు అనుకున్నట్టు బండి తోలేవాడు కాదు.

ఆ డ్రైవర్ రాసినవాడు సలీం. మేనేజర్ గారిది ఏలూరు. ఆయన ఆర్డర్ మొదటి ఉదయమే వచ్చింది.

"పంజాగుట్ట హాస్పిటల్లో మన వార్మర్లు ట్రయల్లో ఉన్నాయండీ. హెడ్ నర్సు గారు తిప్పి పంపేస్తానంటున్నారు. సోమవారం దాకా టైమిచ్చారు. మీరు మిలిటరీ మనిషి కదా, కాస్త గట్టిగా మాట్లాడి రండి."

గట్టిగా మాట్లాడటానికే వెళ్లాను. మాట్లాడింది ఆవిడ.

ఖాళీ వార్మర్ దగ్గరికి తీసుకెళ్లి సెన్సర్‌ను తన మణికట్టుకు అంటించుకుంది. తెర మీద డిగ్రీలు: ముప్పై నాలుగు. ఇద్దరం నిలబడ్డాం. వానకు కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. తెర మళ్లీ వెలిగింది. ముప్పై నాలుగు. ఆవిడ సెన్సర్ పీకి చల్లటి స్టీలు ట్రేలో పడేసింది. అంకె కదల్లేదు.

"జూసిండ్రా? కరెంటు పోయొచ్చినప్పుడల్లా గిదే కథ. పాత నంబరే పట్టుకొని కూసుంటది. నేను ఉరికి ఒక్కొక్క బిడ్డ మీద చెయ్యి పెట్టి చూడాలె. నాకున్నయి రెండే చేతులు మేడమ్."

ఏ బిడ్డకూ ఏమీ కాలేదు. ఆ రెండు చేతుల వల్లే కాలేదు.

అమీర్‌పేటకు తిరిగొచ్చి సలీంను నిలదీశాను.

"మన దగ్గర ఒక్కసారి సుత రాలే మేడమ్. సెన్సర్ లేవనీకి టైమ్ పడ్తది. అందుకే కోడ్‌ల జర ఆగు అని పెట్టిన."

"జర అంటే ఎంత?"

"వంద మిల్లీసెకన్లు. కావాలంటే రెండొందలు చేద్దాం."

"రెండొందలే ఎందుకు? మూడొందలు ఎందుకు కాదు?"

"మీతోని మస్తు కష్టం మేడమ్."

రెండొందలు చేశాడు. హాస్పిటల్లో అదే తంతు. ఐదొందలు చేశాడు. అదే తంతు. మా ల్యాబులో మాత్రం మిషన్ బుద్ధిమంతురాలు.

శనివారం మధ్యాహ్నం గొడవ ముదిరింది. మణికట్టుకు సెన్సర్ పెట్టుకునే పోట్లాడాను. ముందున్న కాపలా పోస్టును రేడియోలో పిలిచి, జవాబు రాకపోతే, ఈపాటికి లేచే ఉంటారులే అని దళాన్ని ముందుకు పంపుతామా అన్నాను. సలీంకు రోషమొచ్చింది.

"నా కోడ్ బరాబర్ ఉంది. చూడండి!" స్విచ్ ఆపి వెంటనే వేశాడు.

"ఏం చూడాలి?" నేనూ ఆపాను, వేశాను.

తలుపు దగ్గర మేనేజర్ గారు. "ఏంటండీ ఇది, స్విచ్ విరగ్గొడతారా?"

తెర మీద ముప్పై నాలుగు. సెన్సర్ తీసి నా చల్లటి నీళ్ల సీసాకు అంటించాను. ముప్పై నాలుగు. ఇంకాసేపు చూశాం. అదే.

సలీం గొంతు తగ్గింది. "మేడమ్... మనం చాయ్ తాగలే."

అదీ సంగతి. మిషన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టి చూడాలన్నది మా టెస్టు పద్ధతి. ఆ ‘పూర్తిగా’ అన్న మాటకు మా వాళ్లందరి అర్థం ఒక చాయ్. స్విచ్ ఆపడం, కిందికి దిగి ఇరానీ హోటల్లో కూర్చోవడం, పైకొచ్చి వేయడం. ఆలోపు సెన్సర్‌లో మిగిలిన కరెంటు చుక్క కూడా ఇంకిపోయేది. అది కొత్తగా లేచేది. హాస్పిటల్లో జనరేటర్ చాయ్ తాగదు. వెంటనే వచ్చేస్తుంది. మిషన్‌ను నడిపే పెద్ద బోర్డు చచ్చి బతుకుతుంది. సెన్సర్ మాత్రం చావదు, పూర్తిగా లేవదు. సగం నిద్రలో పాత అంకెనే అప్పజెబుతుంది. ముందుగా దాన్ని నిద్రపుచ్చనిదే, తర్వాత ఎంతసేపు ఆగినా ఒకటే.

బోర్డు మీద సెన్సర్ కరెంటుకు విడిగా స్విచ్ ఉంది. ఎవరూ వాడలేదు. ఆదివారం వాడాం. మిషన్ మొదలవగానే డ్రైవర్ తనే సెన్సర్‌కు కరెంటు ఆపుతుంది. లోపల మిగిలింది ఇంకనిస్తుంది. మళ్లీ ఇస్తుంది. "సిద్ధమా?" అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా హీటర్ వెలగదు, తెర మీద అంకె ఉండదు. రెండు గీతలే.

మేనేజర్ గారికి గీతలు నచ్చలేదు. "ఖాళీగా ఉంటే మిషన్ పాడైందనుకోరాండీ?"

"సెంట్రీ నిద్రపోతుంటే, అంతా క్షేమం అని నేను అరవాలా?"

గీతలు ఉండిపోయాయి.

సోమవారం ఉదయం పంజాగుట్ట. సెన్సర్ మళ్లీ హెడ్ నర్సు మణికట్టు మీద. వాన మా పక్షాన ఉంది. కరెంటు పోయింది, జనరేటర్ వచ్చింది. రెండు గీతలు. ముప్పై నాలుగు. హెడ్ నర్సు సెన్సర్ పీకి ట్రేలో వేసింది. అంకె జారింది. ముప్పై. ఇరవై ఏడు. మళ్లీ కరెంటు పోయింది. ఈసారి సెన్సర్ ట్రేలోనే ఉంది. గీతలు. ఇరవై ఆరు. పాత అంకె రాలేదు!

మధ్యాహ్నం దాకా ఆవిడ స్విచ్ ఆపి, వేసి, తనకు నమ్మకం కుదిరేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు.

"ఇగ ఉండనీయుండ్రి," అంది.

మెట్ల మీద సలీం అడిగాడు. "మేడమ్, ఇప్పుడన్నా తాగుదామా?" తాగాం. రెండేసి. తర్వాత గొడుగు తెరవకుండా శ్రీనగర్ కాలనీ దాకా నడిచి ఇల్లు చేరాను. ఇంట్లోవాళ్లు జ్వరమొస్తుందన్నారు. రాలేదు.

ఒక దృశ్యం మాత్రం నన్ను వదల్లేదు. ఆ మధ్యాహ్నం మేం బయల్దేరుతుండగా మరోసారి కరెంటు పోయి వచ్చింది. మూలనున్న వార్మర్లో బిడ్డ. హెడ్ నర్సు అలవాటుగా పరుగెత్తి అరికాలి మీద చెయ్యి పెట్టింది. తెర మీద గీతలు. తర్వాత అంకె. చేతితో ఒకసారి, కంటితో ఒకసారి పోల్చుకుంది. చెయ్యి తీసేసింది.

ఒక్కటి మిగిలింది. ఆ వంద మిల్లీసెకన్లు ఎక్కడివని సలీంను అడిగాను. పాత కోడ్‌లోంచి తీసుకున్నానన్నాడు. పాత కోడ్ రాసినాయన్ని పట్టుకుని అడిగాను. అంతకంటే పాతదాంట్లోంచి అన్నాడు. సెన్సర్ తయారుచేసినవాళ్ల పుస్తకంలో ఆ అంకె లేదు. ఇంతమంది నమ్మిన ఆ వందను అసలు మొదట కొలిచినవాడెవడు? కొలిచాడా?