హాప్లోగ్రూప్ అంటే జాతి అని రాయించినందుకు

ఆమె అడిగింది సరైన ప్రశ్న అని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఆ మాట నేను పైకి అనలేదు. నాలుగేళ్లుగా నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను. సిలబస్ చాలా మిగిలి ఉందని, గంట మోగిందని, వెనక గోలలో సరిగ్గా వినపడలేదని. గంట మోగలేదు. వినపడింది కూడా.

అశోక్ నగర్‌లో, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్‌లో నేను సైన్స్ చెబుతాను. ఇల్లు నారాయణగూడ. పొద్దున్నే నడిచే వెళ్తాను. హాలులో రెండు వందల మంది ఉంటారు. ఊళ్ల నుంచి వచ్చి, హాస్టళ్లలో ఉంటూ, క్లాసు కాగానే చిక్కడపల్లి లైబ్రరీలో చోటు కోసం పరుగెత్తేవాళ్లు. పాఠం కంటే నోట్స్ మీదే వాళ్లకు గురి. నేను చెప్పింది పొల్లుపోకుండా రాసుకుంటారు. వాళ్లలో చేతిరాత బాగున్నవాళ్ల కాపీ జిరాక్స్ షాపుకు చేరుతుంది. వారం తిరక్కముందే అది స్పైరల్ బైండింగుతో, పైన నా పేరుతో అమ్మకానికి వస్తుంది. ఇక అందులో ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు. గుర్తుండటానికి ప్రతిదానికీ ఒక కోడ్ కట్టివ్వడం మా దగ్గర ఇంకో అలవాటు. కోడ్‌లు బాగా కట్టే సారుకు హాలు నిండుతుంది. నాకు నిండేది.

ఆ రోజు పాఠం మనుషుల జన్యు వరుసల గురించి. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వెళ్లే వై క్రోమోజోమ్, తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ, ఈ రెండింటిలో ఎప్పుడో వచ్చిన చిన్న చిన్న మార్పులు తరాల వెంట అలాగే నడిచి వస్తాయి. ఒకే మార్పు ఉన్నవాళ్లు, అంటే ఆ ఒక్క వరుసలో ఒకే పూర్వీకుడి దగ్గరికో పూర్వీకురాలి దగ్గరికో చేరేవాళ్లు, ఒక హాప్లోగ్రూప్. వాటికి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. కొమ్మ చీలినకొద్దీ అక్షరం పక్కన అంకె, అంకె పక్కన మళ్లీ అక్షరం చేరుతాయి. ఇంతవరకు సరిగ్గానే చెప్పాను. తర్వాత, తెలుగులో ఒక్క ముక్కలో ఉంటే బాగుంటుందని, "హాప్లోగ్రూప్ అంటే జాతి" అని రాయించాను. అక్కడితో కూడా ఆగలేదు. ఏ అక్షరం ఎవరిదో కోడ్ కట్టాను. ఇది పెద్ద కులాలది, ఇది రైతులది, ఇది అడవిలో ఉండేవాళ్లది. హాలు నవ్వుకుంటూ రాసుకుంది.

మూడో వరుసలో నుంచి ఒకామె లేచింది. వయసు ముప్పై దాటింది. అడవి పక్క ఊరు. నాలుగేళ్ల కూతురిని తన తల్లి దగ్గర వదిలి, ఈ ఒక్కసారి రాయనివ్వండి, ఉద్యోగం రాకపోతే మళ్లీ అడగను అని ఇంట్లో ఒప్పించి వచ్చింది. చేరిన రోజే నాతో చెప్పింది.

"సార్, జాతి ఎట్లయితది? మా తమ్మునికి నాయిన అక్షరం ఒకటి, అమ్మ అక్షరం ఒకటి ఉంటయి కద. అంటే వాడు రెండు జాతులా? నాకైతే నాయినది రానే రాదంటిరి. మరి నేను మా నాయిన జాతి కాదా?"

నేను నోరు తెరిచేలోపు వెనక బెంచీ నుంచి ఒకడు అందుకున్నాడు.

"అక్కది కోడ్‌ల ఉంది కద సార్. అడవి అక్షరం."

"జర ఊకో రా, అక్కకు కోపమొస్తె పులిని తోల్కొస్తది" అన్నాడు పక్కవాడు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. "పరీక్షల గివన్ని అడగరమ్మా. నోట్స్‌ల ఉన్నది పెడితె మార్కొస్తది. కూర్చో" అని బోర్డు వైపు తిరిగాను.

చెప్పాల్సింది ఎంతో లేదు. పది తరాలు వెనక్కి పోతే ఒక్కో మనిషికి వెయ్యి మందికి పైగా పెద్దలు తేలుతారు. హాప్లోగ్రూప్ వాళ్లలో ఒకే ఒక్కరి దారి చూపిస్తుంది. ఒకే అక్షరం పది కులాల్లో దొరుకుతుంది, ఒకే కులంలో పది అక్షరాలు దొరుకుతాయి. తండ్రి వైపు పేర్లలోని అక్షరానికీ తల్లి వైపు పేర్లలోని అదే అక్షరానికీ సంబంధమే లేదు. ఇదంతా నాకు తెలుసు. కానీ నోట్స్ అప్పటికే బైండింగుకు వెళ్లింది. రెండు వందల మంది ముందు, ఒక విద్యార్థిని అడిగితే, నా కోడ్ తప్పని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

ఆ తర్వాత ఆమెను అందరూ కోడ్ అక్క అనేవారు. ఆమె మళ్లీ ఎప్పుడూ ప్రశ్న అడగలేదు.

పరీక్షలో అదే వచ్చింది, హాప్లోగ్రూప్ గురించి సరైన వాక్యం ఏదని. కీ వచ్చిన రోజు నా వాక్యం తప్పని తేలింది. ఫలితాల్లో ఆమె పేరు లేదు. ఒక్క ప్రశ్నతో పోయిందని తోటివాళ్లు చెప్పుకున్నారు. మరుసటి బ్యాచ్‌కు ఆ వాక్యం తీసేసి కొత్తది రాయించాను. ఎందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది జిరాక్స్ షాపులో ఆమె కనిపించింది. విద్యానగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతోందట. కూతురిని తెచ్చుకుని అంబర్‌పేట్‌లో కిరాయికి ఉంటోందట. ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకుంటూ, బల్ల మీదున్న నా కొత్త నోట్స్ తిరగేస్తోంది.

"మార్చిన్రు కద సార్" అంది. "ఎవ్వరికి చెప్పకుంట."

నేను చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాను.

"పరీక్షల నాకు కరెక్టేందో తెలుసు సార్. పెన్ను దాని మీదనే పెట్టిన. మళ్ల, సార్ కంటె నాకెక్కువ తెలుస్తదా అనుకున్న. మీరు రాయించిందే దిద్దిన."

"తప్పయిందమ్మా" అన్నాను.

"గిక్కడ చెప్తె ఏమొస్తది సార్? నవ్విందేమో హాల్ల."

కోపంగా అనలేదు. కాగితాలు సర్దుకుంటూ, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఆదివారం క్లాసుకు రమ్మన్నాను. వస్తననలేదు, రాననలేదు.

వచ్చింది. వెనక ఒక బెంచీ చివర కూర్చుంది. అప్పటి వాళ్లెవరూ లేరు. ఈ రెండు వందల మందికి ఆమె ఎవరో తెలియదు. పాత నోట్స్‌లోని ఆ వాక్యం బోర్డు మీద రాసి, కొట్టేసి, హాలు వైపు తిరిగాను.

"ఇది నేను రాయించిన తప్పు. నాలుగేండ్ల కింద ఇదే హాల్ల ఆ మేడం లేచి, జాతి ఎట్లయితదని అడిగింది. ఆమె అడిగింది కరెక్టు. నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూర్చోబెట్టిన. అందరు నవ్వుతుంటె నేను కూడ నవ్విన. నా మాట నమ్మి పరీక్షల ఆమె తనకు తెలిసింది ఇడిచిపెట్టింది, ఉద్యోగం పోయింది. అది నేను తిరిగి ఇయ్యలేను. అమ్మా, తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."