అంకుల్ కోటులో చిన్న తూటాలు

మా పక్కింటి అంకుల్ పోయారు. నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా ఆంటీ వచ్చి తలుపు కొట్టి, "ఆయన లేవట్లేదమ్మా, ఒకసారి రా" అన్నారు. నిద్రలోనే వెళ్ళిపోయారు. అప్పటినుంచి నాకు కుదురు లేదు. ఇది రాస్తూ కూడా ఊరికే లేచి వాకిట్లోకి వెళ్ళొస్తున్నాను.

దానికి కారణం కొంత దుఃఖం, కొంత ఆయన కోటు.

అస్థికలు గోదావరిలో కలపాలని ఆంటీ ఇండియాకి టికెట్ బుక్ చేయించుకున్నారు. అవి ఉన్న చెక్కపెట్టెని ఆయన గోధుమరంగు కోటులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్తానన్నారు. ఆ కోటు జేబుల్లో ఎప్పుడూ తూటాలుండేవి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక్కటి దొరికినా పోలీసు కేసే. ఒంటరిగా వెళ్తున్న ఆవిడ, చేతిలో అస్థికలతో, స్టేషన్‌లో కూర్చోవాలి.

అంకుల్ మత్తు డాక్టర్. రిటైరయ్యాక, అమెరికాలో మేముండే ప్లేనోకి గంట దూరంలో చిన్న పొలం కొని గోంగూర, బీర, సొర వేశారు. పాములున్నాయని ఒక ట్వెంటీటూ రైఫిల్ కొన్నారు. పెన్సిల్ మందం కూడా ఉండని తూటాలు దానివి. అక్కడితో ఆగి ఉంటే బావుండేది. ఆయనకి వాటిలో వింత రకాల మీద మోజు పుట్టింది. పాముల కోసం నీలం మూతి లోపల ఆవగింజలంత గుండ్లు నింపినవి, గుండు లేకుండా ఉత్త చప్పుడు చేసేవి, తుపాకిమందు లేకుండా అడుగునున్న చిటికెడు నిప్పుమందుతోనే స్టేప్లర్ కొట్టినంత శబ్దంతో పేలేవి. ఎర్రగా వెలుగుతూ వెళ్ళేవి కూడా కొన్నుండేవి. ఎండుగడ్డి అంటుకుంటుందని వాటిని ఒక్కసారీ కాల్చలేదు. తుపాకులమ్మే గన్ షోకి వెళ్ళొస్తే నగల షాపుకెళ్ళొచ్చిన మనిషిలా వెలిగిపోతూ అరచేతిలో పెట్టి చూపించేవారు.

"అందరూ ఎక్కువ దూరం, ఎక్కువ దెబ్బ అంటారమ్మా. నాకు తక్కువ పని చేసేవే ఇష్టం" అనేవారు. "మత్తు డాక్టర్‌గా నేను నేర్చుకున్నది అదొక్కటే. ఎంత తక్కువలో పని జరుగుతుందో చూసుకోవాలి."

నాకు తుపాకులంటే పడదు. మా పాప స్కూల్లో, తుపాకీతో ఎవరైనా చొరబడితే ఎలా దాక్కోవాలో నేర్పే లాక్‌డౌన్ డ్రిల్ అయిన రోజున, బెంచీ కింద ఊపిరి బిగబట్టి కూర్చున్నానని అది చెప్పిన రోజున, తిన్నగా వెళ్ళి ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయనకి దాంతో ఏ సంబంధం లేదని తెలిసీ అరిచాను. ఆయన వాదించలేదు. "నీ భయం సరైనదేనమ్మా. అది పోగొట్టుకోకు" అన్నారు. మర్నాడు రైఫిల్ సేఫ్‌కి తాళం మార్చి, "ఇది నీ దగ్గర పెట్టుకో" అని రెండో తాళంచెవి తెచ్చిచ్చారు. తుపాకుల సంగతిలో మా ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు. అయినా నా జ్వరానికి మా అమ్మకంటే ముందు పరిగెత్తుకొచ్చింది ఆయనే.

ఆయన గురి సంగతి చెప్పకపోతే అన్యాయం. ఒకసారి పాము మీద కాలిస్తే అది నిదానంగా వెళ్ళిపోయింది, దెబ్బ పందిరి మీది సొరకాయకి తగిలింది. కోస్తే లోపల గుండ్లు. "పప్పులో రాళ్ళేరడం అయింది, ఇప్పుడు సొరకాయలో గుండ్లేరాలా?" అని ఆంటీ దాన్ని అలాగే ఆయన కంచంలో పెట్టారు. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

రైఫిల్ సేఫ్‌లో ఉండేది కానీ జేబులో పడ్డ తూటా ఆయనకి గుర్తుండేది కాదు. కొన్నేళ్ళ క్రితం ఇండియా నుంచి తిరిగొస్తుంటే హైదరాబాద్‌లో ఈ కోటులోంచే, వెళ్ళేప్పుడు ఇక్కడి మిషన్‌కి దొరకనిది ఒకటి బయటపడింది. "పాముల కోసమండీ, లోపల ఆవగింజలంతే ఉంటాయి" అని అంకుల్ డాక్టర్ పద్ధతిలో వివరించబోయారు. "ఆవగింజలైనా తూటా తూటాయే సార్, కూర్చోండి" అన్నాడట ఇన్‌స్పెక్టర్. ఫ్లైట్ వెళ్ళిపోయింది. లాయర్లు, వాయిదాలు, నెలల తరబడి తిరుగుడు. ఆ కథని అంకుల్ ప్రతి పార్టీలో నవ్వుతూ చెప్పేవారు. ఆంటీ ఒక్కసారీ నవ్వలేదు. ఈ కోటు మళ్ళీ ఎయిర్‌పోర్ట్ మొహం చూడకూడదని ఆవిడే రూల్ పెట్టారు.

ఇప్పుడు ఆవిడే తీసుకెళ్తానంటున్నారు.

"ఆంటీ, శాలువా తీసుకెళ్ళండి. ఇది వద్దు."

"శాలువా ఆయన ఏనాడు కప్పుకున్నారే? అది ఎవరిదో అనిపిస్తుంది నాకు."

జేబులన్నీ తిరగేశాను. దొరికినవన్నీ ఆయన కాల్చడం సాధన చేసే షూటింగ్ రేంజ్‌లో అప్పగించి వచ్చాను. మళ్ళీ వెతికాను. ఆఫీస్ పని మధ్యలో లేచి వెళ్ళి తడిమేదాన్ని. ప్రయాణం రోజు పొద్దున, లోపలి జేబుకి చిల్లుందని నా వేలికి తెలిసింది. అంచు దాకా నొక్కుకుంటూ వెళ్తే గట్టిగా ఏదో తగిలింది. ఆంటీని పిలిచాను. ఆంటీ కత్తెర తెచ్చి, నన్ను పక్కకి జరగమని, లైనింగ్ కుట్లు తెంపేశారు. నీలం మూతి ఉన్న బుల్లి తూటా ఒకటి ఆవిడ ఒళ్ళో పడింది.

"ఏమయ్యా, పోయాక కూడానా!" అన్నారు. ఆయన పోయాక ఆవిడ గట్టిగా ఏడవడం అదే మొదటిసారి.

తర్వాత చుట్టూ కత్తిరిస్తూ పోయారు. ఇంకేమీ లేదు. నేను సూదీ దారం తీస్తే చెయ్యి పట్టుకున్నారు. "కుట్టావంటే లోపల ఏముందోనని మళ్ళీ మొదలెడతావు. ఇలాగే ఉండనీ."

ఆవిడ విమానంలో ఉన్నంతసేపూ నేను ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను. చివరికి హైదరాబాద్ నుంచి వీడియో కాల్ వచ్చింది. ఆవిడ తమ్ముడు ఫోన్ పట్టుకున్నాడు.

"పంపించేశారమ్మా," అన్నారు ఆంటీ. "స్కానింగ్ మిషన్ దగ్గర డ్యూటీలో ఉన్న పిల్ల, లైనింగ్ ఊడిపోయింది, కుట్టించుకోండి ఆంటీ అంది."

పెట్టెకి చుడతానన్న కోటుని అంత ఎండలో తనే తొడుక్కుని ఉన్నారు. పొడుగు చేతుల్లో ఆవిడ వేళ్ళు సగమే కనిపిస్తున్నాయి. పెట్టెని గుండెకి ఆనించుకుని కారు వైపు నడుస్తుంటే, ఊడిన లైనింగ్ వెనక మోకాళ్ళ దాకా వేలాడుతూ గాలికి ఎగురుతోంది.