బదులుకు లేచిన బడి

శివరాత్రి వెళ్లిన వారం మచిలీపట్నంలో రైలు దిగాం. లారీ మీద రేవుకు, రేవు దాటి నడక. ఉప్పెన బడులన్నీ ఊడ్చుకుపోయిన దివిసీమలో మాకిచ్చిన ఊరు చేరేసరికి పొద్దు వాలింది. మాది మిలిటరీ ఇంజనీర్ల సెక్షన్, ఎనిమిది మందిమి. హవల్దార్ని నేను. గుడివాడ వాణ్ని గనక తెలుగు వచ్చినవాణ్నీ నేనొక్కణ్నే. సామాను: పారలు, తాపీలు, రెండు టెంట్లు, ఒక వైర్‌లెస్ సెట్టు.

ఆర్డరు ఇది. ఒకే నమూనా బడులు మూడు, మూడు ఊళ్లలో. ఒకటి కంట్రాక్టరు కడతాడు. ఒకటి సర్కారు ఇంజనీర్లు కూలీలను పెట్టి కడతారు. మూడోది ఊరివాళ్లే కట్టుకోవాలి, మేం పని నేర్పాలి. ఏది చవగ్గా, గట్టిగా లేస్తే మిగతా ఊళ్లకీ అదే పద్ధతి.

"మనం ఓడితే చుట్టుపక్కల పిల్లలు కంట్రాక్టరు తీరిక కోసం కూర్చోవాలండీ. పశువుల కొట్టాల్లో చదువులండీ ఇప్పుడు," అన్నారు ఊరి ప్రెసిడెంటు గారు.

ఇటుక ఊళ్లోనే ఊకతో కాల్చాం. గోడలు ద్వారబంధాలు దాటాయి. అంతలో కాలవకు నీళ్లొదిలారు. నారు అందుకోగానే పనికి ఒక్కడూ రాలేదు. ఊరంతా నాట్లలో ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"కూలీల్ని పెట్టుకో, ఓవర్," అంది బందరు క్యాంపు వైర్‌లెస్‌లో.

కూలి పెడితే ఓడినట్టే. కోపంగా చేలోకి వెళ్లాను. నాట్ల ముఠా మేస్త్రి మంగమ్మ నడుం ఎత్తకుండానే నవ్వింది.

"తుపాకీ పట్టినోళ్లు నారు పట్టలేరా అబ్బాయ్? మా చేలల్లో మీరు నాటండి. నాట్లవగానే మా ముఠా మీ బళ్లో దిగుద్ది. బదులంటే బదులే."

నీ చేలో నేను, నా చేలో నువ్వు. మా నాన్న చేసిన సేద్యమూ అదే. మర్నాడు బూట్లు విప్పి ఎనిమిది మందిమీ దిగాం. మా పంజాబీ నాయక్ గోధుమ దేశంవాడు. టెంటు మేకులు దిగ్గొట్టినట్టు మణికట్టుదాకా గుచ్చాడు.

"ఓరి నాయనో, నారుని పాతిపెట్టేస్తన్నాడమ్మా!" ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మంగమ్మ వాడి వరసంతా పీకి మళ్లీ నాటింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇది పని కింద లెక్కకొస్తుందా అత్తా?"

"నడుం వంగిందా లేదా? వంగితే బదులే."

నాట్లయిన మర్నాడు తెల్లారేసరికి ముఠా అంతా బడి ముందుంది. వెనక మగాళ్లు, ఎడ్లబళ్లు. గోడలు పూర్తయ్యాక రేవు నుంచి గోడదాకా వరసకట్టి పెంకులు చేతికి చేయి అందించారు. ఆ సంబరం పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

బందరు నుంచి పెద్ద ఇంజనీరు వచ్చాడు. సుత్తితో గోడ కొట్టి చూశాడు. సుత్తే ఎగిరింది.

"లెక్కల్లో కూలి ఏమీ రాయలేదేం?"

"బదులండీ."

ఏ పద్దులో వేయాలో ఆయనకు తోచలేదు. మా ఎనిమిది మంది జీతాలూ కలిపి చూశాడు. అయినా మూడు బడుల్లో మాదే తక్కువ ఖర్చు. తర్వాత సర్కారుది. కంట్రాక్టరుది అందరికన్నా పైన.

"గెలిచాం, ఓవర్!" సెట్టు పగిలిపోయేలా అరిచాను. ప్రెసిడెంటు గారు నన్ను వాటేసుకుని ఏడ్చేశారు.

తిరుగు ప్రయాణం పడవలో. పక్క ఊరి రేవులో ఇటుక దిగుతోంది, వాళ్ల బడికి. మోస్తున్నది మా మంగమ్మ ముఠా.

"ఇది మీ ఊరు కాదు కదత్తా!" అని కేకేశాను.

"మా కోతలకి ఈళ్లొస్తారు అబ్బాయ్! బదులు!"

ఎన్నో సరిహద్దులు చూశాను, చాలా మరిచిపోయాను. తలమీద ఇటుకల తట్ట, పిక్కల మీద ఎండిన బురద, నా వైపు ఎత్తిన ఆ చెయ్యి మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.