కోసేసిన పాట

బుల్లియ్య కుదురుగా కూర్చోలేడు. పాలకొల్లులో అతన్ని ఎరిగినవాళ్ళంతా మొదట చెప్పే మాట ఇదే. టీ బల్ల మీదయినా, పెళ్లి భోజనాల్లోనయినా ఇరవై నిమిషాలు గడిచేసరికి లేచి పచార్లు మొదలెడతాడు. ముప్పయ్యొక్కేళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా చేసిన ఒళ్ళు మరి. ఇరవై నిమిషాలకో రీలు అయిపోయేది, అయిపోకముందే లేచి రెండో మిషను దగ్గరుండాలి. హాలు మూసేసి కల్యాణ మండపం చేసి తొమ్మిదేళ్ళయినా కాళ్ళకి ఆ సంగతి తెలీలేదు.

"ఈ ముద్దయినా కూర్చుని తినండి" అంటుంది భార్య రామలక్ష్మి. అతను కంచం చేత్తో పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళొస్తాడు.

పోయిన ఆగస్టులో భీమవరం నుంచి స్కూటీ మీద సారిక అనే మ్యూజిక్ టీచరు అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. బళ్ళో పాటలు నేర్పుతుంది, ఆదివారాలు లూథరన్ చర్చిలో పాడేవాళ్ళని నడిపిస్తుంది. 'పంటు మీద పెళ్లికూతురు' అనే పాత సినిమాని స్టేజి మీద పాటల నాటకంగా వెయ్యాలని ఆమె పట్టుదల. వాళ్ళమ్మకి ప్రాణమట ఆ సినిమా.

"ఫోన్లో దొరికే కాపీలో సగం మాటలు వినబడట్లేదండి. మీకు సినిమా అంతా నోటికొచ్చని చెప్పారు."

నిజమే. తొంభై రెండులో వాళ్ళ హాల్లో నూట నాలుగు రోజులాడింది. గోదావరి దాటించే పంటు ఇంజను గదిలో పనిచేసే కుర్రాడు, రోజూ ఆ పంటెక్కే టైపు టీచరమ్మ కోసం చొక్కా మార్చుకుని పైకొచ్చి, బ్యాంకు ఆఫీసరునని కోతలు కోస్తాడు. ఆ అబద్ధాన్ని కాపాడుకోడానికి వాడు పడే పాట్లే కథ. జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు.

మర్నాటి నుంచీ బుల్లియ్య బస్సెక్కి భీమవరం వెళ్ళడం మొదలెట్టాడు. బడి హాల్లో రిహార్సలు. ఎవరు ఎటునుంచి రావాలో, ఏ మాటకి జనం నవ్వుతారో, నవ్వు ఆగేదాకా ఎంతసేపు ఆగాలో అన్నీ చెప్పేవాడు. సారిక పాటలకి కొత్తగా వరసలు అల్లేది. హీరోయిన్ వేషం ఇంజనీరింగు చదివే దేవిశ్రీది. పదిహేను రోజులు బ్రహ్మాండంగా సాగింది.

పదహారో రోజు దేవిశ్రీ ఆగిపోయింది.

"మేడమ్, ఇంత అబద్ధం ఆడినవాణ్ణి ఈవిడ ఎందుకు క్షమించిందండీ? నిజం బయటపడుతుంది, వెంటనే పెళ్లి. మధ్యలో ఏమీ లేదు కదా?"

"సినిమాలో అంతేనమ్మా. ఏం బుల్లియ్యగారూ?" అంది సారిక.

బుల్లియ్య ఆ ప్రశ్న విననట్టు బయటికి నడిచాడు. స్కూలు గ్రౌండు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. ఆ రోజు మళ్ళీ లోపలికి రాలేదు.

మధ్యలో ఓ పాట ఉంది. దాన్ని కోసింది తనే.

అప్పట్లో ఆ పాట రాగానే జనం బీడీలకి లేచిపోయేవారు. మూడు వారాలు చూసి మేనేజరు పల్లంరాజుగారు, "తీసెయ్యరా బుల్లియ్యా, ఆటకీ ఆటకీ మధ్య ఊడ్చుకోడానిక్కూడా టైము ఉండట్లేదు" అన్నారు. అతను ఆ ముక్క కత్తిరించి రేకుడబ్బాలో దాచాడు. ప్రింటు వెనక్కి పంపేటప్పుడు తిరిగి అతికించాలి. ఆ హడావుడిలో మరిచిపోయాడు. తొంభయ్యారు తుఫానులో హాలు పైకప్పు లేచిపోయినప్పుడు డబ్బాలోకి నీళ్ళెళ్ళి అంతా ముద్దయిపోయింది. అది కేసెట్లు బయటికొచ్చాక సినిమాలో కలిపిన పాట, కాబట్టి కేసెట్‌లోనూ లేదు. మిగతా ఊళ్ళలో ఏమైందో అతనికి తెలీదు. ఫోన్లో ఉన్న కాపీలో మాత్రం లేదు.

మూడు రోజులు భీమవరం వెళ్ళలేదు. ఇంట్లోనూ ఉండలేకపోయాడు. కాలవగట్టు మీద నడిచాడు, బస్టాండు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఏం జరిగిందని రామలక్ష్మి నిలదీస్తే చెప్పేశాడు.

"ఇన్నేళ్ళకి ఇప్పుడు మిమ్మల్ని ఎవరేమంటారండీ? వెళ్ళి చెప్పేయండి. లేకపోతే నా ఇంట్లో గచ్చు అరిగిపోయేలా ఉంది."

నాలుగో రోజు సారిక ముందు నిలబడి, నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పాడు. ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె పెన్ను తీసి, "పాట గుర్తుందా అండీ?" అంది.

"ఎనభై ఆటలు విన్నానమ్మా. కానీ నేను పాడితే వినలేరు."

"పాడండి ముందు."

అతను గోడ వైపు తిరిగి పాడాడు. గొంతు బొంగురు, శ్రుతి ఎటో పోతోంది. అయినా మాట పొల్లుపోలేదు. "చొక్కా మార్చావు గానీ దొరా, డీజిలు వాసన మార్చావా? మొదటి నాడే తెలుసు నాకు, ముచ్చటేసి ఊరుకున్నా…"

దేవిశ్రీ మెల్లిగా అంది, "అయితే ఆవిడకి ముందే తెలుసన్నమాట!"

సారిక అతని చేత పదకొండుసార్లు పాడించి ఫోన్లో రికార్డు చేసుకుంది. వరస పట్టుకోడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ బుల్లియ్య దేవిశ్రీ వెనకే తిరిగాడు. "సినిమాలో ఆవిడ ఇక్కడ నవ్వుతుందమ్మా. రైలింగు పట్టుకుని, నీళ్ళలోకి చూస్తూ నవ్వుతుంది. ఏడవకూడదు." దేవిశ్రీ తలూపేది. పాట మొదలెట్టాక 'మొదటి నాడే తెలుసు' అనే చరణం దగ్గరికొచ్చేసరికి ఆమెకి కళ్ళు నిండేవి.

"నవ్వు రావట్లేదండీ బాబాయిగారూ. ఎవరైనా అబద్ధమని తెలిసీ నమ్మితే, అది… ఏమోనండి."

నవంబరులో రాజమండ్రిలో మొదటి ప్రదర్శన. హాలు ముప్పాతిక నిండింది. బుల్లియ్య పక్కతెర వెనకాల స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డాడు. మొదటి సగం అంతా నవ్వులే. ఆ కోసేసిన పాట మొదలవగానే అతని కాళ్ళు ఆగలేదు. తెర వెనక ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూనే ఉన్నాడు. మూడో వరసలో ఓ పెద్దాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకో ఇద్దరు లేచారు. మిగతా వాళ్ళు లేవలేదు.

ఆ చరణం వచ్చింది. దేవిశ్రీ నవ్వబోయింది, రాలేదు. గొంతు వణికింది, కన్నీళ్ళు జారాయి. తప్పు, తప్పు అనుకుంటూ బుల్లియ్య స్టేజి అంచు దాకా వచ్చేశాడు. చెయ్యెత్తి సైగ చెయ్యబోయి హాల్లోకి చూశాడు. ముందు వరసలో ఒకావిడ పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆవిడ పక్కన మనిషి ఫోను చూడ్డం మానేశాడు. బుల్లియ్య చెయ్యి దించేశాడు.

నాటకం అయ్యాక దేవిశ్రీ భయపడుతూ వచ్చింది. "మళ్ళీ ఏడ్చేశానండీ."

"చూశానమ్మా" అన్నాడు. ఇంకేదో అనబోయి, ఆగి, "అది సినిమా, ఇది మీ నాటకమమ్మా. నీకెలా వస్తే అలాగే పాడు" అన్నాడు.

అమలాపురం వాళ్ళు సంక్రాంతి లోపు తేదీ అడిగారని సారిక చెబుతూంటే అతను వింటూనే మంచినీళ్ళ సీసా కోసం అటెళ్ళాడు, ఇటొచ్చాడు. ఏ బస్సెక్కాలో, ఎన్నింటికి బయల్దేరాలో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.