ఏ పనీ చేతకాదని రాసివ్వడానికి ఆత్మకూరు దాకా

మా లైసెన్సు గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది. ఉదయగిరిలో తొమ్మిదేళ్ళుగా నేనొక ఇల్లు నడుపుతున్నాను. బుద్ధి ఎదగనివాళ్ళు, కాళ్ళూ చేతులూ సరిగా ఆడనివాళ్ళు, మొత్తం ఏడుగురు పెద్దవాళ్ళు అందులో ఉంటారు. ప్రభుత్వ భాషలో అది కేంద్రం. పోయిన నెల తనిఖీకి వచ్చిన పెద్దమనిషి వంటగది చూడలేదు, పడకలు చూడలేదు. వరండాలో కూర్చుని టీ తాగి, అక్కడున్న ఉలినీ ఆకురాయినీ చూసి "పదునైన పనిముట్లు కలవు" అని రాసుకుని వెళ్ళాడు. చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కి బతికే ఊళ్ళో ఉలి కనబడటం ఎంత ఘోరమో ఆయనకే తెలియాలి. ఆ రాత కొట్టేయించుకుంటేగానీ లైసెన్సు రాదు. రాకపోతే ఏడుగురినీ ఎవరిళ్ళకు వాళ్ళను పంపేయాలి. వాళ్ళలో నలుగురికి వెళ్ళడానికి ఇల్లే లేదు.

అందుకని గురువారం పొద్దున ఆరున్నర బస్సుకి, ఆ ఏడుగురిలో ఒకడైన మస్తాన్‌ని వెంటబెట్టుకుని ఆత్మకూరు లైసెన్సు ఆఫీసుకి బయలుదేరాను. మస్తాన్‌కి ముప్పై నాలుగేళ్ళు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా ఆడవు, మాట నింపాదిగా వస్తుంది. ఎడమ మోచేత్తో చెక్కను అదిమిపెట్టి కుడిచేత్తో అతను చెక్కే స్పూనుకి మాత్రం మా వీధిలో ఎవరూ వంక పెట్టలేరు. పనిముట్లు ఎందుకున్నాయో చూపిద్దామని ఆ స్పూనొకటి సంచిలో వేసుకున్నాను. ఇలాంటి తెలివైన పనులు నాకు అలవాటే.

కండక్టరు నా ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టాడు, మస్తాన్ పాస్ చూసి సగం టికెట్టు కొట్టాడు. ఆడదాన్నైనందుకు నాకు పూర్తి మాఫీ, కాలూ చెయ్యీ ఆడనందుకు అతనికి సగం. లెక్క బాగానే ఉంది. వికలాంగుల సీట్లో తెల్లచొక్కా ఆయనొకడు కాళ్ళు చాపుకుని ఉన్నాడు. లేవమంటే, "నాకు మాత్రం మోకాళ్ళ నొప్పులు లేవా మేడం?" అన్నాడు. ఆయన్ని సర్టిఫికెట్ అడగకపోవడం నాదే తప్పు. మస్తాన్ కడ్డీ పట్టుకుని సగం దూరం నిలబడే వచ్చాడు.

ఎనిమిదిన్నరకి ఆత్మకూరులో దిగాం. బస్టాండు పక్కన బండి మీద ఇడ్లీ వేడిగా ఉంటుంది, కారప్పొడి అడిగి వేయించుకోండి. ఆఫీసు పది గంటలకి తెరుస్తారు, లైసెన్సు ఇచ్చే సారు పదకొండూముప్పావుకి వస్తారు. బల్లకి ఒక కాలు పొట్టి, గోడవైపు కూర్చుంటే ఊగదు.

సారు స్పూను అందుకుని వేలితో నిమిరి చూశారు. "చాలా బాగుండాదమ్మా. ఎవురు చేసినారు?"

"నేనే సార్. నేనే చేసినాను" అన్నాడు మస్తాన్. నేను గర్వంగా తలాడించాను.

సారు ముఖం మారింది. "ఇంత పని వచ్చినోడు మీ దగ్గర ఎందుకుండాడమ్మా? మీ లైసెన్సు ఏ పనీ చేసుకోలేనోళ్ళకి కదా! ఇట్టాంటోళ్ళు ఇంకా ఎంతమందుండారు?"

నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పుడు తెలిసింది. తొమ్మిదేళ్ళు వాళ్ళకు ఒక్కటీ నేర్పకుండా పడుకోబెట్టి ఉంటే ఈపాటికి నాకు శాలువా కప్పేవాళ్ళు.

గుమాస్తా మంచివాడు, దారి చూపించాడు. "ఏం లేదు మేడం. పనిముట్లు తీసేసినామని, వీళ్ళకి ఏ పనీ చేతగాదని రెండు ముక్కలు రాసియ్యండి. సాయంత్రంలోపల పనైపోతాది."

ఇల్లు లేని నలుగురు కళ్ళముందు మెదిలారు. రాశాను. తప్పులుంటాయేమోనని గుమాస్తా దాన్ని పైకి చదివాడు. మస్తాన్ పక్కనే నిలబడి మొత్తం విన్నాడు. కింద సంతకం పెట్టమన్నారేమోనని పెన్ను అందుకోబోయాడు. తన పేరులోని ఆ మూడు అక్షరాలు నేర్చుకోవడానికి అతనికి రెండేళ్ళు పట్టింది.

"సంతకమేంది మేడం? ఏమీ చేతగానోడు సంతకం పెడతాడా? వేలిముద్ర ఎయ్యమనండి" అన్నాడు గుమాస్తా. అతని వేలు పట్టుకుని సిరా అద్దింది నేనే. నాకు సిగ్గేసింది, అయినా అద్దాను.

రెండున్నరకి లైసెన్సు చేతికొచ్చింది. ఏ పనీ చేతకానివాడు చెక్కిన స్పూను మాత్రం సారు టిఫిన్ డబ్బాలోకి వెళ్ళింది.

మూడు గంటల బస్సుకి తిరుగు ప్రయాణం. ఈసారి సీటు దొరికింది. పక్క సీట్లో సీతాఫలాల గంపతో ఒక అవ్వ కూర్చుంది. ఒక పండు మస్తాన్ చేతిలో పెట్టి, "ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగింది.

"నాకేం పనీ రాదవ్వా. మా అక్క రాసిచ్చింది."

కోపంగా అనలేదు. ఆఫీసులో విన్నది విన్నట్టు చెప్పాడు.

"అబద్ధం అవ్వా. స్పూన్లు చెక్కడంలో వీడి తర్వాతే ఎవరైనా. అబద్ధం రాసింది నేను" అన్నాను. అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసి ముఖం తిప్పుకుంది.

"అయితే మళ్ళా రాయక్కా. నిజం రాయి" అన్నాడు మస్తాన్.

"రాస్తే లైసెన్సు పోతుందిరా. మన ఇల్లు పోతుంది. అందరూ వెళ్ళిపోవాలి."

బస్సు రెండు ఊళ్ళు దాటింది.

"ఇంటికి పోయినాక అందర్నీ అడుగుదామక్కా. ఇల్లు మాదే గదా" అన్నాడు.

ఆత్మకూరు వెళ్ళి రావడానికి ఒక రోజు చాలు, దారి బాగుంది, ఇడ్లీ బాగుంది, లైసెన్సు కూడా వస్తుంది. తనిఖీ చేసినాయనా, సారూ, గుమాస్తా ఆ ఏడుగురిని ఒక్క మాట అడగలేదని దారంతా తిట్టుకుంటూ వచ్చాను. తొమ్మిదేళ్ళలో నేనూ అడగలేదు.